పాత గోడలు, కొత్త కరెంటు: పాలమూరు కట్టడాల చరిత్ర నుంచి మన బడికి ఒక పాఠం

పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. ఈ స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. మన గురువుల గురించి, ఆటపోటీల గురించి, హాస్టలు అన్నం గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను విద్యుత్తు శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి. ఉద్యోగమంతా తీగలు, మీటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల మధ్యే గడిచింది. అందుకని మనకు ఇన్నేళ్లు నీడనిచ్చిన బడి భవనం గురించి, మన ప్రాంతపు పాత కట్టడాల గురించి, వాటికీ కరెంటుకూ ఉన్న సంబంధం గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

దీనికి ఒక కారణం కూడా ఉంది. ఈ మధ్య మనం కలిసినప్పుడల్లా రెండు ప్రతిపాదనలు వినిపిస్తున్నాయి. పాత బ్లాకును పడగొట్టి కొత్తది కట్టిద్దామనేది ఒకటి. స్వర్ణోత్సవం గుర్తుగా గేటు దగ్గర తోరణం కట్టిద్దామనేది రెండోది. రెండూ బడి మీద ప్రేమతో వచ్చినవే. అయితే ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం మూడో పీరియడ్‌లో పిల్లలు ఎలా కూర్చుంటున్నారో చూశాక, డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో ఆలోచించాలనిపించింది. ఆ ఆలోచనకు మన పాలమూరు చరిత్రే మంచి ఆధారం.

ఎండను ఎరిగిన మిద్దెలు

మన నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో మే నెలలో 42, 43 డిగ్రీలు కొత్తేమీ కాదు. మన పెద్దలు ఆ ఎండలోనే, కరెంటు అన్న మాట పుట్టకముందే, కాపురాలు చేశారు. వాళ్లకు తోడుగా నిలిచింది మట్టిమిద్దె. రాతితోనో మట్టితోనో రెండడుగుల మందాన గోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద చెక్కలో రెల్లో పరిచి, పైన జానెడుకు మించి మట్టి. అన్నిటికంటే పైన నీళ్లు దిగకుండా చవుడు. ఏటా వానకాలానికి ముందు మిద్దె మీద కొత్త చవుడు పోసి సరిచేయడం ఇంటి పనుల్లో ఒకటి. వెలుతురు కోసం, పొగ పోవడం కోసం పైన గవాక్షం. వాన వస్తే దాని మీద బండో మూకుడో మూసేవారు.

ఇందులో ఉన్న శాస్త్రం తేలికైనదే. మందపాటి మట్టి, రాయి వేడిని నెమ్మదిగా తాగుతాయి, నెమ్మదిగా వదులుతాయి. మధ్యాహ్నం మిద్దె మీద పడ్డ ఎండ లోపలి అర్రలోకి దిగేసరికి రాత్రవుతుంది. ఆ వేళకు ఇంటిల్లిపాదీ వాకిట్లోనో మిద్దె మీదో మంచాలేసుకుని పడుకునేవారు. ఇల్లు పగటి వేడిని తనలో దాచుకుని, మనుషులు బయటికి వెళ్లాక వదిలేది. కట్టడం, జీవనం రెండూ ఒకే లెక్క మీద నడిచాయన్నమాట.

మట్టిమిద్దెలో బాధలు లేవని కాదు. చెదలు, ఎలుకలు, వానలకు కురవడం, గాలి వెలుతురు చాలకపోవడం అందరూ ఎరిగినవే. ముసురు పట్టినప్పుడు ఇంట్లో ఎక్కడ గిన్నె పెట్టాలో తెలియక అవస్థ పడ్డ తరం మనది. కాబట్టి మళ్లీ మట్టిమిద్దెలు కడదామని నేననడం లేదు. ఎండ పైనుంచి వస్తుంది కనుక ఇంటికి ముందు కాపలా కాయవలసింది పైకప్పు అని మన పెద్దలకు తెలుసు. ఆ సంగతి తర్వాత మనం మరిచిపోయాం.

కోటలో కాలేజీ, బంగళాలో పాలిటెక్నిక్

పాత కట్టడాలను పడగొట్టకుండా కొత్త పనికి వాడుకోవడంలో మన ప్రాంతం ఎప్పుడో ముందు నిలిచింది. గద్వాల కోటను 18వ శతాబ్దం తొలినాళ్లలో సోమనాద్రి కట్టించాడు. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది. అదే కోట ఆవరణలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కాలేజీ నడుస్తున్నది. గద్వాల చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఎన్నో తరాల పిల్లలు కోట దర్వాజ దాటి డిగ్రీ చదువులకు వెళ్లారు.

వనపర్తిది ఇంకో ముచ్చట. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. రాజుల బంగళాలు ఏం కావాలన్న ప్రశ్న అన్ని చోట్లా వచ్చింది. వనపర్తిలో దానికి జవాబుగా 1959లో రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ మొదలైంది. అదే నేటి కె.డి.ఆర్. ప్రభుత్వ పాలిటెక్నిక్. పల్లెటూరి పిల్లలు రాజుగారి మేడలో కూర్చుని సర్వే, డ్రాయింగు, ఎలక్ట్రికల్ పాఠాలు నేర్చుకున్నారు. మన ఉమ్మడి జిల్లాలో ఇంజనీర్లు, సూపర్‌వైజర్లుగా పనిచేసినవారిలో అక్కడ చదివినవాళ్లు ఎంతమందో.

ఆ కాలపు బంగళాలు, నిజాం హయాంలో కట్టిన సర్కారు భవనాలు గమనించి చూడండి. గోడలు డంగు సున్నంతో కట్టినవి. గానుగలో సున్నం, ఇసుక గంటల తరబడి రుబ్బి, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి వాడేవారు. లోపలి ఎత్తు పద్నాలుగు, పదిహేను అడుగులు. చుట్టూ వరండా ఉంటుంది కాబట్టి ఎండ నేరుగా గది గోడకు తగలదు. గోడ పైభాగంలో, కప్పుకు కాస్త కింద, వెంటిలేటర్లు. వేడెక్కిన గాలి తేలికై పైకి లేచి వాటి గుండా బయటికి పోతుంది, కింది కిటికీల నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. కిటికీలకు చెక్కరెక్కల తలుపులు. వెలుతురు ఎంత కావాలో అంత తెరుచుకోవచ్చు. ఇనుప గడ్డర్ల మధ్య బండలో ఇటుక కమానులో పేర్చి, పైన సున్నపు కాంక్రీటు దిమ్మిసా చేసిన కప్పులు మన పాత బ్లాకులోనూ ఉన్నాయి.

ఆ భవనాల్లో వేడి ఎక్కువగా ఉందంటే చాలాసార్లు తప్పు కట్టినవాళ్లది కాదు. వెంటిలేటర్లకు అట్టలు కొట్టి మూసింది తర్వాతి వాళ్లు. వరండాను గోడతో మూసి స్టోరు రూము చేసిందీ, చెక్కరెక్కలు తీసేసి అద్దాలు బిగించిందీ, సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరు పూసిందీ తర్వాతి వాళ్లే. సున్నపు గోడ తేమను పీల్చి వదులుతూ ఉంటుంది. సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కి గోడ ఉబ్బుతుంది, పొరలు రాలుతుంది. అప్పుడు "పాతబడిపోయింది, పడగొట్టండి" అంటాం.

స్లాబు కాలం

స్వాతంత్ర్యం తర్వాత బడులు, ఆస్పత్రులు, ఆఫీసులు వేల సంఖ్యలో కావాల్సి వచ్చాయి. డంగు సున్నం రుబ్బుతూ కూర్చుంటే కుదిరే పని కాదు. సిమెంటు, స్టీలు వచ్చాయి. నాలుగైదు అంగుళాల ఆర్‌సీసీ స్లాబు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, పదడుగుల ఎత్తు. కొన్ని నెలల్లో భవనం తయారు. కురవదు, చెదలు పట్టదు. ఆ స్లాబులు పోసిన చేతుల్లో మన జిల్లా చేతులు ఎన్నో. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, మేడ లేచినా అక్కడ పాలమూరు కూలీ చెమట ఉంటుందని ఊరికే అనరు.

అయితే స్లాబుతో ఒక చిక్కు వచ్చింది. నడినెత్తి ఎండలో ఒక్కో చదరపు మీటరు కప్పు మీద దాదాపు వెయ్యి వాట్ల వేడి పడుతుంది. అంటే చిన్న ఇస్త్రీపెట్టె అంత. తరగతి గది కప్పు యాభై చదరపు మీటర్లనుకుంటే యాభై ఇస్త్రీపెట్టెలు నెత్తిమీద పెట్టుకుని కూర్చున్నట్టు. నాచు పట్టి నల్లబడిన స్లాబు అందులో సగానికి పైగా తాగేస్తుంది. మట్టిమిద్దె ఆ వేడిని రాత్రిదాకా ఆపేది. పల్చటి స్లాబు మూడు నాలుగు గంటల్లోనే కిందికి దించేస్తుంది. పన్నెండు గంటల ఎండ సరిగ్గా మూడు, నాలుగు గంటలకు పిల్లల తల మీదికి వస్తుంది. ఫ్యాన్ వేస్తే ఆ కప్పు కింది వేడిగాలినే కిందికి తోస్తుంది. వేసవిలో పై అంతస్తు గదిలో కూర్చున్న ఎవరికైనా ఇది అనుభవమే.

మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు పెట్టడం మనకు అలవాటైంది. ఎండ తీవ్రతకు అది తగిన పనే. కానీ చదువుకునే గంటలు ఎన్ని ఉండాలో భవనం పైకప్పు నిర్ణయించే స్థితికి వచ్చామన్న సంగతి కూడా అందులో ఉంది. ఎండ తీవ్రత ఎలాంటిదో 2015 మే నెల చూపింది. ఆ వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు.

కాబట్టి మన ఊళ్లలో పాత భవనాలు అనగానే నిజాం కాలపు కట్టడాలే గుర్తుకు రానక్కరలేదు. శక్తి పొదుపు లెక్కలో అందరికంటే ముందు వైద్యం కావాల్సింది 1960 నుంచి 2000 దాకా కట్టిన స్లాబు భవనాలకు. సంఖ్యలో ఎక్కువ అవే. ఇంకా గట్టిగా ఉన్నవీ అవే.

ఈ కరెంటు ఎక్కడిది?

స్లాబు వేడికి మనం కనిపెట్టిన విరుగుడు కరెంటు. ముందు ఫ్యాను, తర్వాత కూలరు, ఇప్పుడు ఏసీ. స్విచ్చి వేసేటప్పుడు ఆ కరెంటు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ ఆలోచించరు. మన జిల్లావాళ్లం మాత్రం ఆలోచించక తప్పదు.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో పండిట్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1980ల నాటికి కృష్ణమ్మ నిలిచింది, కరెంటు వచ్చింది. ఆ నీటి కింద ఉమ్మడి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వంద దాకా ఊళ్లు మునిగాయి. మన కొల్లాపురం వైపు పల్లెలు, జటప్రోలు, సోమశిల ప్రాంతం ఆ జాబితాలోవే. పాత గుళ్లను రాయి రాయీ విప్పి మెరకకు తెచ్చి మళ్లీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలాగే అలంపురం చేరింది. గుడిని మోసుకొచ్చినట్టు పొలాన్ని, చేదబావిని, చింతతోపును మోసుకురాలేం కదా. మన బడిలో మనతో చదివినవాళ్లలో ఆ ముంపు ఊళ్ల పిల్లలు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఆ మాట ఇప్పటికీ తడి ఆరనిదే.

తర్వాత ఎడమగట్టున, మన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, నల్లమల కొండ కడుపులో 150 మెగావాట్ల యూనిట్లు ఆరింటితో 900 మెగావాట్ల భూగర్భ కేంద్రం వచ్చింది. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. గద్వాల దగ్గర ప్రియదర్శిని జూరాలలో 39 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. అవి కలిసి 234 మెగావాట్లు. కరెంటు పుట్టే జిల్లాల్లో మనదొకటి. దాని ఖరీదు చెల్లించిన జిల్లాల్లోనూ మనదొకటి.

అందుకే వేడెక్కిన స్లాబు కింద వృథాగా తిరిగే ఫ్యాను నాకు బిల్లు లెక్కగా మాత్రమే కనిపించదు. ఆదా చేసిన యూనిట్ కోసం ఏ ఊరినీ ముంచక్కర్లేదు, ఏ ఉద్యోగినీ సొరంగంలోకి పంపక్కర్లేదు. పైగా బడిలో ఒక యూనిట్ మిగిలితే తీగల్లో పోయే నష్టం కలుపుకుని కేంద్రం దగ్గర ఒకటికి మించే మిగులుతుంది.

పాతవాటిని బాగుచేసుకున్నవాళ్లు

పాత భవనానికి కొత్త పొదుపు నేర్పడం సాధ్యమేనా అని అనుమానం రావచ్చు. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం 1931 నాటిది, 102 అంతస్తులు. 2009లో దాన్ని శక్తి పొదుపు కోసం బాగుచేయడం మొదలుపెట్టారు. ఉన్న 6,514 కిటికీలను పారేయలేదు. అదే భవనంలో ఒక అంతస్తులో చిన్న కార్ఖానా పెట్టి, అద్దాలు విప్పి, మధ్యలో పల్చటి పొర అమర్చి, మళ్లీ అక్కడే బిగించారు. రేడియేటర్ల వెనక వేడిని తిప్పికొట్టే పలకలు, మెరుగైన దీపాలు, నియంత్రణలు చేర్చారు. మొత్తం మీద శక్తి వాడకాన్ని 38 శాతం తగ్గించేలా ఆ పథకం రూపొందింది. వాళ్ల సమస్య చలి, మన సమస్య ఎండ. దారి మాత్రం ఒకటే: ఉన్నదాన్ని ముందు కొలవడం, కారే చోట మూయడం, ఆ తర్వాతే యంత్రాల జోలికి పోవడం.

మనకు దగ్గర్లోనే కాచిగూడ రైల్వే స్టేషన్ ఉంది. మహబూబ్‌నగర్, గద్వాల రైళ్లెక్కే మనకు అది చుట్టాలిల్లు లాంటిది. 1916లో నిజాం కాలంలో కట్టిన ఆ గుమ్మటాల భవనం ఈ రోజు ఎల్‌ఈడీ దీపాలతో, సోలార్ పలకలతో నడుస్తూ హరిత భవనంగా గుర్తింపు పొందింది. పైకి మాత్రం పాత అందం పాత అందంగానే ఉంది.

చట్టాల సంగతి కూడా కొంచెం చెప్పాలి. దేశంలో శక్తి పరిరక్షణ చట్టం 2001లో వచ్చింది. మరుసటి ఏడాది శక్తి సామర్థ్య బ్యూరో ఏర్పడింది. పెద్ద వాణిజ్య భవనాలకు 2007లో, నివాస భవనాలకు 2018లో నియమావళులు వచ్చాయి. నివాసాల నియమావళి ప్రకారం లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు పైకప్పు గుండా చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి వేడి రాకూడదు. మామూలు స్లాబు దానికి దాదాపు మూడింతలు పంపిస్తుంది. ఈ నియమావళులు ప్రధానంగా కొత్తగా కట్టేవాటి కోసం. ఇప్పటికే నిలబడి ఉన్న లక్షల భవనాల భారం వాటి యజమానుల మీదే, అంటే మనలాంటి వాళ్ల మీదే ఉంది.

మన రాష్ట్రం ఈ విషయంలో ఒక మంచి అడుగు వేసింది. 2017లో హైదరాబాదులో 25 పేద కుటుంబాల ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పొర పరిచి చూస్తే, అలాంటివే పక్క ఇళ్ల కంటే లోపల సగటున 2 డిగ్రీలు తక్కువ నమోదైంది. 2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం 2028 దాకా అమలయ్యే చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. రాష్ట్రమంతటా కలిపి 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలన్నది లక్ష్యం. కొత్త ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి. చిన్న ఇళ్లకు ఐచ్ఛికం.

వనపర్తిలో మొదలైన పని

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. కొత్త జిల్లా ఆఫీసులు చాలావరకు ఉన్న భవనాల్లోనే మొదలయ్యాయి. పాత గోడలు మరోసారి అక్కరకొచ్చాయి.

బడుల విషయంలో 2022 మార్చి 8 గుర్తుంచుకోదగ్గ రోజు. "మన ఊరు - మన బడి" కార్యక్రమం వనపర్తిలోనే ప్రారంభమైంది. 26 వేలకు పైగా ప్రభుత్వ పాఠశాలలను మూడు విడతల్లో బాగుచేయడానికి 7,289 కోట్ల రూపాయలతో వేసిన ప్రణాళిక అది. అందులో 12 అంశాలున్నాయి: నీళ్లు, మరుగుదొడ్లు, విద్యుదీకరణ, బల్లలు, రంగులు, మరమ్మతులు, ప్రహరీ, వంటషెడ్డు వంటివి. పైకప్పు వేడి అని విడిగా ఒక అంశం లేదు. కానీ రంగులు, మరమ్మతులు, విద్యుదీకరణ మూడూ ఉన్నాయి. గోడకు వేసే రంగుతో పాటు కప్పు మీదికి కూడా ఒక తెల్లపూత ఎక్కితే, కొత్త వైరింగుకు తక్కువ కరెంటు తినే ఫ్యాన్లు తగిలితే, అదే డబ్బుకు రెండింతల ఫలితం. ఇలాంటి చోటే పూర్వ విద్యార్థుల సంఘాలు సర్కారు పనికి చేయి కలపవచ్చు.

మన బడికి ఏ పని ముందు?

ముందు కొలవాలి. నాలుగు మామూలు థర్మామీటర్లు చాలు. పాత బ్లాకులో రెండు, స్లాబు బ్లాకు పై అంతస్తులో రెండు. ఏప్రిల్‌లో రెండు వారాలు ఉదయం 8, మధ్యాహ్నం 1, సాయంత్రం 4, రాత్రి 7 గంటలకు పిల్లలే రాసిపెట్టాలి. తొమ్మిది, పది తరగతుల సైన్సుకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు లేదు. నెలనెలా మీటరు రీడింగు కూడా వాళ్లే రాయాలి. పని తర్వాత మళ్లీ కొలిస్తే మనం చేసింది ఫలించిందో లేదో ఎవరినీ అడగక్కర్లేదు.

రెండోది కప్పు. శివరాత్రికి చలి శివశివా అని వెళ్లిపోతుంది, ఆ వెంటనే ఈ పని మొదలుకావాలి. స్లాబు మీద నాచు గీకి, పగుళ్లు పూడ్చి, నీళ్లు పోయే తూములు శుభ్రం చేసి, జిగురు కలిపిన తెల్లసున్నం రెండు మూడు పూతలు వేయాలి. కొత్త సున్నం ఎండను నాలుగింట మూడు వంతుల దాకా వెనక్కి పంపుతుంది. దుమ్ముకు, వానకు మాసిపోతుంది కనుక ఏటా వేయాలి. ఉగాదికి ఇంటి గోడలకు సున్నం వేసే అలవాటు మనకు ఎలాగూ ఉంది. నిచ్చెన ఇంకో పది మెట్లు ఎక్కడమే. ఎక్కువ కాలం నిలవాలంటే తెల్లటి పింగాణి పెంకులను సిమెంటులో పొదిగే పద్ధతి ఉంది. కుండలు బోర్లించి వాటి మధ్య సున్నపు కాంక్రీటు నింపే పాత పద్ధతీ ఉంది. కుండలోని గాలే వేడికి అడ్డు. కానీ ఈ రెండింటికీ బరువు ఉంటుంది. స్లాబు ఆ బరువు మోస్తుందో లేదో ఇంజనీరు చూసి చెప్పాకే చేయాలి.

మూడోది పాత బ్లాకు. అట్టలు కొట్టిన వెంటిలేటర్లు తెరవాలి, పక్షులు రాకుండా జాలీ బిగించాలి. మూసిన వరండా తెరవాలి. రాలిన ప్లాస్టరు చోట సిమెంటు కాకుండా సున్నమే వాడాలి. గడ్డర్లకు తుప్పు ఎక్కడ పట్టిందో తెలిసినవాళ్లతో చూపించాలి. బాగుచేయలేనంత పాడైన గది ఉంటే ఆ గదిలో పిల్లల్ని కూర్చోబెట్టకూడదు, అందులో మొహమాటం లేదు. మిగతాది పడగొట్టేముందు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. సిమెంటు చేయడానికి సున్నపురాయిని బట్టీలో సుమారు 1,450 డిగ్రీల దాకా కాల్చాలి. నిలబడి ఉన్న గోడలో ఆ ఖర్చు ఏనాడో పెట్టేశారు. పడగొడితే అది మట్టిపాలు, కొత్తదానికి మళ్లీ మొదటి నుంచి ఖర్చు.

నాలుగోది ఫ్యాన్లు, దీపాలు. మన బడిలాంటి చోట 20 గదులు, గదికి 4 ఫ్యాన్లు అనుకుందాం. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది. 80 ఫ్యాన్లు రోజుకు 6 గంటల చొప్పున 220 పనిదినాలు తిరిగితే 7,920 యూనిట్లు. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. అప్పుడు 3,168 యూనిట్లే. ఏటా 4,752 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 8 రూపాయలనుకుంటే సుమారు 38 వేలు. ఒక్కో ఫ్యాను 3 వేలనుకుంటే మొత్తం 2 లక్షల 40 వేలు, అది తిరిగి రావడానికి ఆరేళ్లకు పైగా పడుతుంది. అందుకని అన్నీ ఒకేసారి మార్చకుండా, ఎక్కువసేపు తిరిగే గదుల్లో ముందు మార్చి, మిగతావి చెడినప్పుడల్లా మార్చడం మేలు. దీపాల విషయంలో ఇంత ఆలోచన అక్కర్లేదు. చోకుతో కలిపి 50 వాట్లు దాటే పాత ట్యూబులైటు పని 20 వాట్ల ఎల్‌ఈడీ చేస్తుంది. 2015లో మొదలైన ఉజాలా పథకం వల్ల దేశమంతటా 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు ఇళ్లకు చేరాయి, ధర దిగింది. కంప్యూటర్ గదిలో ఏసీ ఉంటే 24 డిగ్రీల మీద పెట్టాలి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని శక్తి సామర్థ్య బ్యూరో చెబుతోంది.

ఐదోది చెట్లు. పడమటి గోడకు సాయంత్రం ఎండ సూటిగా తగులుతుంది. అటువైపు వేప, కానుగ నాటితే మన తర్వాతి తరానికి అవే కర్టెన్లు. గోడకు మరీ ఆనించి నాటకూడదు, వేర్లు పునాదిని పట్టుకుంటాయి.

సోలార్ పలకల మాట చివర చెప్పడానికి కారణం ఉంది. ఉత్సాహం ఉన్న మిత్రులు ముందు సోలార్ పెడదామంటున్నారు. మంచిదే, పలకలు కప్పుకు నీడ కూడా ఇస్తాయి. కానీ కప్పు కాలుతూ, పాత ఫ్యాన్లు తిరుగుతూ ఉండగా పలకలు పెట్టడం ఓటికుండలో నీళ్లు పోయడమే. వాడకం సగం చేశాక పెడితే సగం పలకలే చాలు.

మిత్రులకు ఒక మనవి

కోటలో కాలేజీ పెట్టుకున్నాం, రాజుగారి మేడను పిల్లల చదువుకు తెరిచాం, మునిగే గుడిని రాయి రాయీ విప్పి తెచ్చి నిలబెట్టాం. ఇదంతా మన మూడు జిల్లాల చరిత్రే. పాతదాన్ని కాపాడుకుని కొత్త అవసరానికి మలుచుకోవడం మనకు ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. అదే పని మన బడి భవనానికి కూడా చేద్దాం.

స్వర్ణోత్సవ నిధిలో తోరణానికి అనుకున్న మొత్తాన్ని ముందు కప్పు పనికి, పాత బ్లాకు మరమ్మతుకు ఇవ్వాలని సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదించబోతున్నాను. ప్రతి బ్యాచ్ ఒక గదిని దత్తత తీసుకోవచ్చు: ఆ గది కప్పుకు ఏటా సున్నం, దాని ఫ్యాన్లు, దాని కిటికీలు. దుబాయిలో, అమెరికాలో ఉన్నవాళ్లు డబ్బు పంపవచ్చు. ఊళ్లో ఉన్నవాళ్లు ఫిబ్రవరిలో ఒక ఆదివారం బ్రష్షు పట్టుకుని మిద్దె ఎక్కవచ్చు. మనలో మేస్త్రీలున్నారు, ఎలక్ట్రీషియన్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు. మనకు పాఠం చెప్పిన గోడలకు మన చేతి పని ఒక్క రోజు దక్కితే తప్పేముంది?

తోరణం మీద మన పేర్లు ఉంటాయి, నిజమే. చల్లబడిన గదిలో మన పేర్లు ఎవరికీ కనిపించవు. అయినా వచ్చే ఏప్రిల్‌లో నాలుగు గంటలకు పై అంతస్తులో కూర్చున్న పదో తరగతి పిల్ల లెక్క మీద నుంచి తల ఎత్తకుండా చేసుకోగలిగితే, ఈ యాభై ఏళ్ల సంఘం చేసిన పనుల్లో అది ముందు వరసలో ఉంటుంది.

— ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత విద్యుత్తు ఇంజనీరు